దావత్‌లో వడ్డించే తిండి మంచిదేనా? అక్కడికక్కడే తేల్చే టెస్టులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

2024 అక్టోబరు నెలాఖరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని నందినగర్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయింది. పదుల సంఖ్యలో జనం ఆస్పత్రుల పాలయ్యారు. మోమోలతో పాటు ఇచ్చిన మయోనైజ్ మీద అనుమానం పడింది. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఆ తర్వాత నెల కూడా తిరక్కముందే నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు జబ్బు పడ్డారు. అది నవంబరు 20న. అదే బడిలో నవంబరు 26న మళ్లీ పిల్లలు ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఇళ్లలో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. కోవిడ్‌కి పావుగంటలో చెప్పే కిట్ వచ్చింది కదా, తిండికి ఎందుకు లేదు? వలీమాలో దేగ్ మూత తీయగానే ఒక పట్టీ ముంచి చూస్తే సరిపోదా?

కిట్లు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వెతికితే కొనడానికీ దొరుకుతాయి. అయితే అవి చూసేది ఒకటి, జనం వాటి నుంచి ఆశించేది మరొకటి. ఈ తేడా తెలియకుండా ‘టెస్ట్‌లో ఏమీ రాలేదు’ అన్న మాట నమ్మి వెయ్యి మందికి వడ్డిస్తే, టెస్ట్ చేయకపోవడం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ల్యాబ్‌కి అన్ని రోజులు ఎందుకు?

ముందు మామూలు పద్ధతి సంగతి చూద్దాం. ఆహారంలో సాల్మొనెల్లా ఉందో లేదో చూడాలంటే ల్యాబ్‌లో 25 గ్రాముల శాంపిల్ తీసుకుంటారు. దాన్ని 225 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలిపి, మన ఒంటి వేడికి దగ్గరగా, దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక రాత్రంతా ఉంచుతారు. వేడికి, ఉప్పుకి, చలికి దెబ్బతిని నీరసించిన సూక్ష్మజీవులు ఈ దశలో కోలుకుంటాయి. మరుసటి రోజు అందులోంచి కొంచెం తీసి, సాల్మొనెల్లా తప్ప మిగతావి పెద్దగా పెరగలేని ఇంకో ద్రవంలో వేస్తారు. మూడో రోజు దాన్ని అగర్ పోసిన ప్లేట్ల మీద పూసి, పెరిగిన మచ్చల రంగు చూస్తారు. అనుమానం ఉన్న మచ్చను తీసి మళ్లీ నిర్ధారిస్తారు. మొత్తం నాలుగైదు రోజుల పని.

ఇంత తతంగం దేనికంటే, చాలా రకాల ఆహారానికి నిబంధన ఒకటే: 25 గ్రాముల్లో ఒక్క సాల్మొనెల్లా కూడా ఉండకూడదు. ఒక్కటి ఉన్నా పట్టుకోవాలి. ఆ ఒక్కదాన్ని కంటికి గానీ మెషిన్‌కి గానీ కనపడేలా చేయాలంటే కోట్లలోకి పెంచాలి. పెరగడానికి దానికి టైమ్ కావాలి. కోవిడ్ టెస్ట్‌తో పోలిక ఇక్కడే దెబ్బతింటుంది. జబ్బు చేసిన మనిషి ముక్కులో వైరస్ అప్పటికే కుప్పలుగా ఉంటుంది, పట్టీకి అది చాలు. తిండిలో ఉండే బ్యాక్టీరియా కొన్నిసార్లు పదుల్లోనే ఉంటుంది. ఈ.కొలైలో ఓ157 అనే ప్రమాదకరమైన రకం వందలోపు కణాలతోనే మనిషిని మంచాన పడేయగలదు.

పావు నిమిషం టెస్ట్ నుంచి ఒక రాత్రి టెస్ట్ దాకా

విమానాలకు భోజనం పంపే కిచెన్లలో, పెద్ద హోటళ్లలో చేతిలో ఇమిడే ఒక మెషిన్ వాడతారు. దాన్ని ఏటీపీ మీటర్ అంటారు. ఏటీపీ అనేది ప్రతి జీవకణంలో ఉండే శక్తి పదార్థం. కోత బల్ల మీదో, గరిట మీదో దూది పుల్లతో రుద్ది, ఆ పుల్లను మెషిన్‌లో పెడితే పదిహేను సెకన్లలో ఒక అంకె వస్తుంది. ఆ పుల్లకి తగిలించే మందులో మిణుగురు పురుగును మెరిపించే ఎంజైమే ఉంటుంది. ఏటీపీ తగిలితే అది వెలుగునిస్తుంది, ఎంత మురికి ఉంటే అంత వెలుగు. చూడటానికి భలేగా ఉంటుంది. కానీ బల్ల మీద మిగిలిన మాంసం రసంలోనూ ఏటీపీ ఉంటుంది, ఉల్లిపాయ తొక్కలోనూ ఉంటుంది, బ్యాక్టీరియాలోనూ ఉంటుంది. మెషిన్‌కి వాటి మధ్య తేడా తెలియదు. కాబట్టి ‘ఇక్కడ సరిగ్గా కడగలేదు’ అని చెప్పగలదు, ‘ఇక్కడ సాల్మొనెల్లా ఉంది’ అని చెప్పలేదు. గిన్నెలు కడిగే మనిషి పనిని తనిఖీ చేయడానికి మంచి సాధనమే. బిర్యానీలో పెట్టి చూసేది మాత్రం కాదు.

రెండోది పట్టీ. ప్రెగ్నెన్సీ టెస్ట్ లాగే ఉంటుంది, ఒక గీత లేదా రెండు గీతలు. ఈ.కొలై ఓ157కి, సాల్మొనెల్లాకి, లిస్టీరియాకి విడివిడి పట్టీలు ఉన్నాయి. చుక్క వేశాక పది, పదిహేను నిమిషాల్లో ఫలితం చెబుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఈ పదిహేను నిమిషాలే. లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: శాంపిల్‌ని ముందు ద్రవంలో వేసి చాలా గంటలు పెంచాలని. ఎందుకంటే ఆ గీత కనపడాలంటే మిల్లీలీటరుకు వేలల్లో, లక్షల్లో బ్యాక్టీరియా ఉండాలి. పెంచకుండా నేరుగా కూరలో ముంచితే, బ్యాక్టీరియా ఉన్నా ఒక్క గీతే వస్తుంది.

మూడోది పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు ఊరూరా తెలిసింది. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఒక ముక్కను మళ్లీ మళ్లీ రెట్టింపు చేసి గుర్తుపడుతుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దీనికి తమ్ముడి లాంటి పద్ధతి ఒకటి ప్రకటించారు, పేరు ల్యాంప్. పీసీఆర్‌లో వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ల్యాంప్‌కి 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి చాలు. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న పెట్టెలో పెట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. అరగంట నుంచి గంటలో పని అయిపోతుంది. ‘అక్కడికక్కడే టెస్ట్’ అనే మాటకి ప్రస్తుతం అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

దీనికీ రెండు లోపాలున్నాయి. మెషిన్‌లోకి వెళ్లేది చిన్న చుక్క. 25 గ్రాముల తిండిలో ఒకే ఒక్క కణం ఉంటే అది ఆ చుక్కలోనే పడటం లాటరీ లాంటిది. కాబట్టి ఇక్కడా చాలాసార్లు ముందు పెంచాల్సిందే. రెండోది, చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా డీఎన్‌ఏనే. బాగా ఉడికించిన కూరలో చచ్చిపోయిన సాల్మొనెల్లాని చూసి మెషిన్ ‘ఉంది’ అని చెప్పే వీలుంది. ఆ కూర పారబోస్తే తిండి దండగ.

దీనికి తలకిందులైన సంగతి ఇంకొకటి ఉంది. స్టెఫైలోకాకస్ అనేది వంట చేసేవాళ్ల ముక్కులో, చేతి గాయాల్లో ఉండే బ్యాక్టీరియా. అది తిండిలో పెరిగి ఒక విషం వదులుతుంది. మళ్లీ మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, విషం చావదు. అప్పుడు బ్యాక్టీరియా కోసం చేసిన టెస్ట్‌లో ఏమీ రాదు, తిన్నవాళ్లు మాత్రం రెండు మూడు గంటల్లో వాంతులు చేసుకుంటారు. ఆ విషాన్ని వెతికే టెస్టులు వేరు. ఏం వెతుకుతున్నామో తెలియకుండా కిట్ కొంటే డబ్బులు వృథా.

తొందరపాటు ఫలితం ఖరీదు

సగం ఫలితం ఎంత పని చేయగలదో 2011లో జర్మనీ చూసింది. ఆ ఏడాది మే నెలలో ఉత్తర జర్మనీలో జనం రక్త విరేచనాలతో, కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రుల్లో చేరడం మొదలైంది. మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయల్లో ప్రమాదకరమైన ఈ.కొలై దొరికిందని ప్రకటించారు. టెస్ట్ అబద్ధం చెప్పలేదు, దోసకాయల మీద ఈ.కొలై నిజంగానే ఉంది. కానీ జనాన్ని చంపుతున్నది ఓ104 అనే రకం. దోసకాయల మీదున్నది అది కాదని కొద్ది రోజుల్లోనే తేలింది. ఈలోపు దేశదేశాల్లో స్పెయిన్ కూరగాయలు కొనేవాళ్లు లేక రైతులు పంటను పారబోశారు. చివరికి ఐరోపా యూనియన్ వివిధ దేశాల కూరగాయల రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం కట్టాల్సి వచ్చింది.

అసలు దోషి ఎవరో తెలిస్తే మన వంటింట్లో ఆశ్చర్యపోతారు. మెంతులు. ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల్ని మొలకెత్తించి పచ్చిగా సలాడ్‌లో తిన్నారు. దాన్ని బయటపెట్టింది కూడా కిట్ కాదు. ఒక రెస్టారెంట్‌లో ఎవరు ఏ వంటకం తెప్పించుకున్నారు, ఆ వంటకంలో వంటవాడు ఏమేం వేశాడు అని బిల్లులు, ఫొటోలు పట్టుకుని ఓపిగ్గా అడిగిన పరిశోధకులు. జర్మనీలోనే 3,800 మందికి పైగా జబ్బు పడగా 53 మంది చనిపోయారు. అనుమానించిన మెంతి గింజల శాంపిళ్లలో ఆ బ్యాక్టీరియా దొరకలేదు. అంటే ‘టెస్ట్‌లో రాలేదు’ అన్నది ‘లేదు’ అన్న మాటకి సమానం కాదు.

షాదీఖానాలో నిజంగా పనికొచ్చేవి

ఇంత చెప్పాక, అక్కడికక్కడే చేసే టెస్టులన్నీ దండగ అనుకోవద్దు. మన ఊళ్లలోనే ఏళ్లుగా నడుస్తున్నవి రెండున్నాయి.

మొదటిది పాల కేంద్రాల్లో చేసేది. పాలలో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కొంచెం కలిపి 37 డిగ్రీల నీళ్లలో ఉంచుతారు. పాలలో బ్యాక్టీరియా ఎక్కువ ఉంటే ప్రాణవాయువును త్వరగా వాడేస్తుంది, నీలం పోయి పాలు తెల్లబడతాయి. ఐదు గంటలైనా నీలం నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోపే తెల్లబడితే నాసిరకం. ఏ బ్యాక్టీరియానో చెప్పదు, ఎంత మోతాదులో ఉందో అందాజుగా చెబుతుంది. చౌకగా అవుతుంది.

రెండోది నీళ్ల సీసా. గ్వాలియర్‌లోని రక్షణ శాఖ ల్యాబ్ శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించిన పద్ధతి ఇది. మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి గది వేడిలో పక్కన పెట్టాలి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే ఆ నీళ్లలో మలం తాలూకు కాలుష్యం ఉన్నట్టు అనుమానించాలి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నేర్పిస్తున్న ఫీల్డ్ కిట్లలో ఇలాంటి సీసాలే ఉంటాయి. వైరస్‌లను ఇది పట్టుకోదు. నల్లబడలేదంటే నీళ్లకి సర్టిఫికెట్ ఇచ్చినట్టూ కాదు. అయినా ఇఫ్తార్ దావత్‌కో, వలీమాకో ఫంక్షన్ హాల్ మాట్లాడుకునేటప్పుడు ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చే టెస్ట్ ఏదంటే ఇదే. బిర్యానీ నిప్పు మీద ఉడుకుతుంది. షర్బత్ ఉడకదు. ఐస్ ఉడకదు. పెరుగు చట్నీ, కోసిన కీరా, ప్లేట్లు కడిగే నీళ్లు, ఇవేవీ ఉడకవు. హాల్ బోరు నీళ్లు, సంపు నీళ్లు మూడు రోజుల ముందు సీసాలో పోసి చూసుకుంటే, నల్లబడితే ట్యాంకర్ మార్చుకునే టైమ్ ఉంటుంది.

ఇక దేగ్ సంగతి. అన్నంలో బాసిలస్ సీరియస్, మాంసంలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే రెండు రకాలు విత్తనాల్లాంటి గట్టి రూపంలో దాక్కుంటాయి. ఎంత ఉడికించినా కొన్ని బతుకుతాయి. వేడిగా ఉన్నంతసేపు నిద్రపోయినట్టు ఉండి, దేగ్ గోరువెచ్చగా అవ్వగానే లేస్తాయి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా గ్రాముకి పది ఉన్నాయనుకుంటే, ఆరు గంటల్లో పద్దెనిమిది సార్లు రెట్టింపై 26 లక్షలు దాటుతాయి. చక్రవడ్డీ లెక్క లాంటిదే. పెర్‌ఫ్రింజెన్స్‌కి వాతావరణం కుదిరితే ఇంకా తొందరగా పెరుగుతుంది. పెద్ద దేగ్‌లో రాత్రి మిగిలిన హలీం పైన చల్లారినట్టే ఉంటుంది, నడిమధ్యలో తెల్లారేదాకా గోరువెచ్చగా ఉంటుంది. తెల్లారి దాన్ని నలుగురిళ్లకి పంచుతారు. వాసన రాదు, రుచి మారదు. అందుకే ‘రుచి చూశాం, బాగానే ఉంది’ అన్నది టెస్ట్ కాదు.

ఇక్కడ పనికొచ్చే సాధనం కిట్ కాదు, పొడుగు సూది ఉన్న థర్మామీటర్. దేగ్ నడిమధ్యలో గుచ్చితే క్షణాల్లో అంకె చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకెలు నాలుగే. వండేటప్పుడు మధ్యలో 70 డిగ్రీలు దాటాలి. వడ్డించేదాకా 60కి పైన ఉంచాలి. వండింది బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉండాలి. మిగిలింది లోతు తక్కువ ఉన్న పళ్లేల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది. అనుభవమున్న బావర్చీకి థర్మామీటర్ చూపిస్తే నవ్వొచ్చు. దమ్ దించే పొద్దు ఆయనకి చేత్తో తెలుస్తుంది, నిజమే. అర్ధరాత్రి ఒంటిగంటకి దేగ్ లోపల 45 డిగ్రీలుందని మాత్రం ఏ చెయ్యీ చెప్పలేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. హలాల్ ముద్ర ఉంటే మాంసం శుభ్రంగా ఉన్నట్టేనని కొందరు అనుకుంటారు. ఏ జంతువు మాంసమో చూడటానికి ల్యాబ్‌లు పీసీఆర్‌నే వాడతాయి, అదే మెషిన్‌లో బ్యాక్టీరియానీ వెతుకుతారు. కానీ రెండూ వేర్వేరు టెస్టులు, ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు. కుర్బానీ మాంసమైనా సరే, ఎండలో సంచిలో మధ్యాహ్నం దాకా తిరిగితే దాని మీద పెరిగే సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి.

ప్రభుత్వ వ్యాన్ వస్తే ఏం చూస్తుంది?

ఆహార భద్రత అధికారుల దగ్గర ‘ఫుడ్ సేఫ్టీ ఆన్ వీల్స్’ అనే మొబైల్ ల్యాబ్ వ్యాన్లు ఉన్నాయి. ఇవి బస్తీల్లో ఆగి శాంపిళ్లు చూస్తుంటే ఇక భయం లేదని జనం అనుకుంటారు. ఆ వ్యాన్లలో అక్కడికక్కడే చేసేది ప్రధానంగా కల్తీ టెస్టులు. పాలలో నీళ్లు, యూరియా, కారంలో రంగు, నూనె నాణ్యత లాంటివి. బ్యాక్టీరియా అనుమానమైతే శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాల్సిందే. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. చట్టం ప్రకారం ఫుడ్ అనలిస్ట్ 14 రోజుల్లోపు నివేదిక ఇవ్వాలి. కొత్త కిట్లను పరిశీలించి ఆమోదించడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర ‘రాఫ్ట్’ అనే పథకం ఉంది. క్యాటరర్ ఎవరైనా కిట్ చూపించి భరోసా ఇస్తే, దానికి ఆ ఆమోదం ఉందా, దేన్ని వెతికే కిట్ అది అని అడగడంలో తప్పులేదు.

జబ్బు పడ్డాక

ఇంట్లో ఒకరిద్దరికి మొదలవగానే అందరూ ఆఖరున తిన్నదాన్ని తిడతారు. చాలాసార్లు అది తప్పు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లో వాంతులైతే స్టెఫైలోకాకస్ లేదా బాసిలస్ విషం కావొచ్చు. ఎనిమిది నుంచి పదహారు గంటల తర్వాత కడుపు మెలిపెట్టి విరేచనాలైతే పెర్‌ఫ్రింజెన్స్ మీద అనుమానం. జ్వరంతో పాటు ఒకటి రెండు రోజుల తర్వాత వస్తే సాల్మొనెల్లా కావొచ్చు, అంటే నిన్నటి దావత్ కాక మొన్నటి హోటల్ కారణం కావొచ్చు. ఎవరు ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది అని ఒక కాగితం మీద రాసుకుంటే డాక్టరుకి అది పెద్ద ఆధారం. చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు అయితే ఆగొద్దు. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఆస్పత్రికి వెళ్లాలి. మల పరీక్ష రాస్తారా అని యాంటిబయాటిక్ మొదలవ్వకముందే అడగాలి. మందు పడ్డాక ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు.

మిగిలిన తిండిని కోపంలో పారబోయడం మనవాళ్లు చేసే ఇంకో పని. దక్షిణాఫ్రికా సంగతి చూడండి. 2017లో అక్కడ లిస్టీరియా జబ్బు మొదలై వెయ్యి మందికి పైగా సోకింది, 216 మంది చనిపోయారు. వాళ్లలో పసికందులు ఎక్కువ. గర్భిణుల కడుపులోని బిడ్డని కాటేసే బ్యాక్టీరియా అది, ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. నెలల తరబడి మూలం దొరకలేదు. 2018 జనవరిలో సోవెటోలోని ఒక పసిపిల్లల కేంద్రంలో కొందరు పిల్లలు జబ్బు పడ్డారు. ఆ కేంద్రం ఫ్రిజ్‌లో పోలోనీ అనే తయారు మాంసం ఇంకా మిగిలే ఉంది. దాన్ని పరీక్షించి, డీఎన్‌ఏ పోల్చి, అది తయారైన ఫ్యాక్టరీ దాకా వెళ్లారు. మార్చిలో ప్రభుత్వం పేరు బయటపెట్టింది. ఆ ముక్కను ఎవరైనా చెత్తబుట్టలో వేసి ఉంటే ఇంకెంత కాలం పట్టేదో.

అందుకే పెద్ద దావత్ చేసేవాళ్లు, మదరసాల్లో హాస్టళ్లలో వంట చూసేవాళ్లు వడ్డించే ముందు ప్రతి వంటకం నుంచి పావుకిలో చొప్పున మరిగిన నీళ్లలో కడిగిన స్టీలు డబ్బాలో తీసి, తేదీ, టైమ్ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే మేలు. పెద్ద క్యాటరింగ్ కిచెన్లలో ఉన్న పద్ధతే ఇది. ఏమీ జరగకపోతే నాలుగో రోజు పారేయొచ్చు. ఏదైనా జరిగితే ఆ డబ్బా అటు తిన్నవాళ్లకీ ఇటు వండినవాళ్లకీ సాక్ష్యం. నిందపడ్డ బావర్చీ తప్పు లేదని తేలడానికీ అదే దారి. అయితే చట్టపరమైన చర్యకి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పద్ధతి ప్రకారం తీసిన శాంపిలే కీలకం, కాబట్టి ఆయనకి అదే రోజు కబురు వెళ్లాలి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. ఒక మెలిక ఉంది: పరీక్ష చేయించబోతున్నామని కొనేటప్పుడే అమ్మినవాడికి చెప్పాలి. తిండి నిబంధనలకి విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. సురక్షితం కాని తిండి వల్ల ప్రాణం పోతే 59వ సెక్షన్ ప్రకారం కనీసం ఏడేళ్ల జైలు, పది లక్షలకి తగ్గని జరిమానా. చనిపోయినవాళ్ల కుటుంబానికి 65వ సెక్షన్ కింద ఐదు లక్షలకి తగ్గకుండా పరిహారం. ఇవన్నీ అడగాలంటే చేతిలో బిల్లు ఉండాలి. క్యాటరర్‌తో నోటిమాట మీద ఖాయం చేసుకున్న దావత్‌లకి అది దాదాపు ఎప్పుడూ ఉండదు.